మూడు దారాలు

ఆ వీధిలో వాచీలు బాగుచేసే కొట్లు రెండున్నాయి. మూల మీది అద్దాల షాపులో ఏ పనైనా పది నిమిషాల్లో అయిపోతుంది. దానికి నాలుగు గుమ్మాల అవతల, మేడమెట్ల కింద ఇరికించినట్టున్న చిన్న కొట్టులో మాత్రం పది నిమిషాల పనికి రెండు రోజులు పడుతుంది. అయినా పాత వాచీలున్నవాళ్లు అక్కడికే వస్తారు. అక్కడ కూర్చునే పెద్దాయనను అందరూ వాచీ మాస్టారు అంటారు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ పనిచేస్తాడు. కోపం ముక్కు మీద ఉంటుంది. పని మీద గర్వం అంతకంటే ఎక్కువ.

పక్కనే ఆయన భార్య కూర్చుని తోలు బెల్టులు కుడుతుంది. ఇద్దరూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. అందులో సగం దెబ్బలాటే.

మాస్టారికి ఒక నియమం ఉంది. కొలత లేనిదే చైను ముట్టుకోడు. అలాగని మనిషి రానక్కర్లేదు. మణికట్టు చుట్టూ దారం చుట్టి, కొసలు కలిసినచోట ముడివేసి పంపితే చాలు. "దారం తెచ్చావంటే సగం పని అయినట్టే. ఇక మనిషితో నాకేం పని?" అని ఎన్నో ఏళ్లుగా అంటున్నాడు. చైను పొట్టి చేయడానికి తీసిన లింకును మాత్రం పారేయడు. కాగితంలో పొట్లం కట్టి, ఆ దారాన్నే పొట్లానికి చుట్టి, పైన ఎవరిదో రాసి రేకు డబ్బాలో దాస్తాడు. ఆ మనిషి మళ్లీ ఒళ్లు చేస్తే లింకు పనికొస్తుందని ఆయన ఆలోచన.

ఆ డబ్బాలోకి ఒక టీచరమ్మ దారం ఎలా చేరిందో, దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఈ కథ.

తెచ్చింది టీచరమ్మ కాదు, ఆమె భర్త. వీధిలో సగం ఇళ్లకు కరెంటు పనులు చేసేది అతనే కాబట్టి కరెంటాయన అన్న పేరే స్థిరపడిపోయింది. నవ్వు మొహం. నోరు ఊరుకోదు. జేబులోంచి రుమాలు తీసి విప్పితే అందులో ఆడవాళ్ల పాత వాచీ ఒకటి ఉంది. చొక్కా గుండీ అంత డయలు. బంగారు పూత అక్కడక్కడా అరిగింది. తోలు బెల్టు ఎండి పగిలి ఒకవైపు తెగిపోయింది.

"మా అత్తగారిది మాస్టారూ. ఆవిడ పోయాక మా ఆవిడ పెట్టెలో దాచుకుంది. కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది. ఈ బెల్టు తీసేసి మంచి చైను వేయండి. వచ్చేవారం మా పెళ్లిరోజు. ఆవిడకి తెలియకూడదు" అంటూ ముడివేసిన తెల్ల దారం ఒకటి బల్ల మీద పెట్టాడు. "మధ్యాహ్నం నిద్రపోతుంటే కొలిచాను. దొంగతనం చేసినట్టే అయింది."

"మెలకువ రాలేదూ?" అంది మాస్టారి భార్య నవ్వుతూ.

"ఎక్కడ పిన్నీ! ఈమధ్య మంచం ఎక్కిందంటే పిడుగు పడ్డా లేవడం లేదు."

అలాంటి వాచీకి చైను కుదర్చడం తేలిక పని కాదు. బెల్టు తగిలించే కొక్కేల మధ్య చోటు బఠాణీ గింజంత కూడా ఉండదు. ఇప్పటి చైన్లు అందులో పట్టవు. మాస్టారు సన్నపాటి చైను ఒకటి వెతికి, దాని కొసలను ఆకురాయితో అరగదీసి, స్ప్రింగు పుల్లలు దూర్చి, దారం కొలతకు వెంట్రుకవాసి తేడా రాకుండా అమర్చాడు. కరెంటాయన దాన్ని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

నెలన్నర తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. చేతిలో అదే వాచీ, కొత్త దారం.

"వదులైంది మాస్టారూ. బోర్డు మీద రాస్తుంటే మోచేతి దాకా జారుతోందట."

మాస్టారికి ఒళ్లు మండింది. ఆయన పని వదులవడమా! "నువ్వు ముడి సరిగ్గా వేసి ఉండవు. కరెంటు తీగ చుట్టినట్టు చుట్టి తెచ్చావు."

"అయ్యుంటుంది" అని కరెంటాయన తల గోక్కున్నాడు. "ఆవిడ కూడా కాస్త సన్నబడింది లెండి. పెళ్లినాటి బట్టలు ఇప్పుడు పడుతున్నాయి."

"అదృష్టవంతుడివి" అన్నాడు మాస్టారు.

"ఏం చేస్తోందో నాకూ చెప్పమను బాబూ. నా నడుం నాకు కనిపించి ఎన్నేళ్లయిందో" అంది ఆయన భార్య.

ముగ్గురూ నవ్వుకున్నారు. మాస్టారు ఒక లింకు తీసి, పాత దారంతో పాటు కొత్తదీ చుట్టి పొట్లం కట్టాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ముగ్గురూ దాన్ని తలుచుకుని సిగ్గుపడ్డారు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే, కొట్టు తలుపు పూర్తిగా తెరవకముందే, కరెంటాయన మూడోసారి వచ్చాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. మళ్లీ వదులైంది."

మాస్టారు దారం అందుకుని రేకు డబ్బా తీశాడు. ఈసారి వీడి తప్పు వీడి మొహం మీదే రుజువు చేద్దామని టీచరమ్మ పొట్లం వెతికి, దానికి చుట్టిన రెండు పాత దారాలూ విప్పాడు. "చూడు, ఒక్కోసారి ఒక్కోలా కొలిచి..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

ఆయన భార్య లేచి వచ్చింది. తాను తోలు కోసుకునే చెక్క మీద మూడు దారాలనూ ముడి దగ్గర తెంపి, పక్కపక్కన పరిచి, ఒకవైపు కొసలు సమానంగా పెట్టి సూదులు గుచ్చింది. మొదటిదానికంటే రెండోది ఒక లింకు పొట్టి. రెండోదానికంటే మూడోది ఏకంగా రెండు లింకులు పొట్టి. పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు ఉన్నాయి.

"దారం తప్పు కాదు" అంది ఆవిడ నెమ్మదిగా. "నాలుగు నెలల్లో చెయ్యి ఇంత చిక్కిపోయింది. ఏం బాబూ, ఆ అమ్మాయి ఒంట్లో బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది పిన్నీ. మా అక్కచెల్లెళ్లందరూ కుళ్లుకుంటున్నారు."

"అన్నం మానేసిందా?"

"అదే విచిత్రం. నాకంటే ఎక్కువ తింటోంది. అయినా ఒంటికి పట్టదు. అదృష్టం కదూ!"

"దాహం?"

"అబ్బో, పక్కన నీళ్ల సీసా లేందే కూర్చోదు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది. పొద్దునేమో లేవలేనంటుంది." చెబుతుండగానే కరెంటాయన గొంతులో హుషారు తగ్గింది. "ఎండలు కదా, అంతే."

మాస్టారి భార్య మొహంలో రంగు మారింది. ఆవిడ మేనత్తకు సరిగ్గా ఇలాగే మొదలైంది. తినేది, తాగేది, చిక్కిపోయేది. సన్నజాజి తీగలా అయిందని అందరూ మురిసిపోయారు. ఒకనాడు స్పృహ తప్పి పడిపోయింది. మళ్లీ కళ్లు తెరవలేదు.

"ఇవాళే డాక్టరుకు చూపించు. రేపనుకోకు" అంది.

కరెంటాయన మొహం మాడిపోయింది. "చైను బిగించమంటే ఇదేంటండీ! పెళ్లాం కాస్త అందంగా తయారైతే ఇలా కీడు శంకిస్తారా?"

"నేను లింకు తియ్యను" అన్నాడు మాస్టారు ఉన్నట్టుండి. "ఆ అమ్మాయిని తీసుకురా. చెయ్యి చూస్తాను. అప్పుడు చూద్దాం."

"మా ఆవిడ చెయ్యి మీరెందుకు చూడటం? మనిషితో పనిలేదనేవారు కదా!" కరెంటాయన చెక్క మీది తన దారాన్ని చటుక్కున లాక్కున్నాడు. సూది ఎగిరి కింద పడింది. "మీరొక్కరే ఉన్నారా వీధిలో? పది నిమిషాల్లో చేసేవాళ్లున్నారు."

వాచీ జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. అతను నేరుగా మూల మీది షాపులోకి దూరడం మాస్టారికి కనిపిస్తూనే ఉంది.

నిజం చెప్పాలంటే అతనికి కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. రాత్రిళ్లు పక్కన ఆమె ఎముకలు చేతికి తగులుతున్నప్పుడు అతనికీ ఏదో అనిపించేది. కానీ పొద్దున లేవగానే ఎవరో ఒకరు ఆమెను మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పుతో భయం అణిగిపోయేది. ఇప్పుడు ఆ భయాన్ని ఒక ముసలావిడ నోరు తెరిచి బయటికి అనేసింది. దాన్ని వినడం అతని వల్ల కాలేదు.

మాస్టారు భూతద్దం కంటికి పెట్టుకుని పనిలో తల దూర్చాడు. "మనకెందుకే! చెప్పాల్సింది చెప్పాం."

"మనకెందుకా? మొదటిసారి వదులైతే బిగించింది ఎవరు? కొలత వెంట్రుకవాసి తప్పితే నీకు నిద్రపట్టదు. మనిషే తరిగిపోతుంటే మాత్రం లింకు తీసి పొట్లం కట్టావు. నేనేమో నడుం గురించి పరాచికాలాడాను. ఇద్దరం ఇద్దరమే."

మాస్టారి చేతిలోని చిమటా జారింది. ఆవగింజంత స్క్రూ ఎటో ఎగిరిపోయింది. ఇరవై ఏళ్లలో ఆయన చేతిలోంచి స్క్రూ జారలేదు. దాన్ని వెతకనైనా వెతక్కుండా లేచి, మిగిలిన రెండు దారాలూ జేబులో వేసుకున్నాడు. "ఏ బడిలో చెబుతుందో తెలుసా నీకు?"

పట్టపగలు కొట్టు తలుపు మూసి ఇద్దరూ బయలుదేరారు.

వాళ్లు వెళ్లేసరికి బడిలో విరామం. పిల్లల అరుపులతో చెవులు గింగుర్లెత్తుతున్నాయి. టీచరమ్మ వరండాలో కుర్చీకి జారగిలబడి, పెద్ద సీసా ఎత్తి గటగటా తాగుతోంది. కాళ్ల దగ్గర అలాంటివే రెండు ఖాళీ సీసాలున్నాయి. పక్క తరగతి టీచరు స్తంభాన్ని ఆనుకుని "నీ చిట్కా ఏంటో చెప్పవేం? మాకూ కాస్త పుణ్యం దక్కనీ" అంటోంది.

మాస్టారు తానెవరో చెప్పాడు. టీచరమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆయన రెండు దారాలూ అరచేతిలో పెట్టుకుని చూపిస్తే ఆమె మొహం బిగుసుకుంది.

"మా ఆయన పంపారా?"

"లేదమ్మా. మీ ఆయన మా మీద అలిగి వెళ్లాడు. మేమే వచ్చాం."

"నాకేం కాలేదండీ. పనెక్కువైంది, అంతే. పరీక్షలయ్యాక చూపించుకుంటాను."

మాస్టారి భార్య అనుమతి అడగకుండానే ఆమె పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్ల మధ్య ఇమిడిపోయింది. చర్మం వేడిగా, పొడిగా ఉంది. ఊపిరిలో మాగిపోయిన పండు వాసన. మేనత్త మంచం దగ్గర పీల్చిన వాసన అదే.

"అమ్మాయ్, నిజం చెప్పు. నీకు తెలుస్తూనే ఉంది కదూ?"

టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రెండు నెలలుగా తెలుసు పిన్నిగారూ. కళ్లు మసకలేస్తున్నాయి. బోర్డు మీద నేను రాసింది నాకే కనబడదు. పొద్దుటి నుంచి మూడుసార్లు వాంతయింది. ఎవరికి చెప్పను? నీరసంగా ఉందంటే, తగ్గావు కదా అలాగే ఉంటుందన్నారు. అందరూ బాగున్నావు, బాగున్నావు అంటుంటే, బాగాలేనని చెప్పడానికి సిగ్గేసింది. మా ఆయన అయితే వాచీ పెట్టి చూసి ఎంత మురిసిపోయారో."

పక్క తరగతి టీచరు స్తంభం దగ్గర్నుంచి కదల్లేదు.

గంట కొట్టారు. టీచరమ్మ అలవాటుగా లేవబోయింది. రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. గోడ మీది చెయ్యి మెల్లగా కిందికి జారింది, ఆమె కూడా జారి కూర్చుండిపోయింది.

"పిల్లలు... తరగతిలో ఒక్కళ్లే..." అంటోంది, మాట ముద్దగా వస్తోంది.

"నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లు!" అని పక్క తరగతి టీచరు అప్పటికి తేరుకుని ఆటో కోసం పరిగెత్తింది. మాస్టారు, ఆయన భార్య చెరోవైపు పట్టుకుని లేపారు. ఆమె దూదిపింజలా లేచి వచ్చింది. ఆటోలో ఆమె తల ఒళ్లో పెట్టుకుని మాస్టారి భార్య "కళ్లు మూయకు తల్లీ, నాతో మాట్లాడు. మీ అమ్మ వాచీ గురించి చెప్పు" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. మొదట జవాబు వచ్చింది. కాసేపటికి పెదవులు మాత్రమే కదిలాయి. ఆస్పత్రి గేటు దగ్గరకొచ్చేసరికి అవీ ఆగిపోయాయి.

కరెంటాయనకు కబురందేసరికి ఎవరింట్లోనో నిచ్చెన మీదున్నాడు. చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. తలుపు అవతల ఆమెకు సెలైన్లు ఎక్కిస్తున్నారు, మందులిస్తున్నారు. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. మాస్టారు బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరి మధ్యా పొద్దుటి గొడవ గురించి ఒక్క మాట రాలేదు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడేవాళ్లు, ఎవరో నర్సు వెళ్లిపోతే మళ్లీ కూర్చునేవాళ్లు.

చీకటి పడే వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. బాగా అలిసిపోయి ఉంది.

"స్పృహ వచ్చింది. గండం గడిచింది. షుగరు ఒంట్లో విషంలా పేరుకుపోయింది. ఇక జీవితాంతం సూదిమందు తప్పదు. వేళకు తీసుకుంటే అందరిలాగే బతుకుతుంది. రేపు తీసుకొచ్చి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు." ఆవిడ కరెంటాయన వైపు చూసింది. "ఒక్కరోజులో వచ్చింది కాదిది. మనిషి ఇంతలా చిక్కిపోయేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా?"

కరెంటాయన తల దించుకుని అన్నాడు.

"చూశామండీ. బాగుందనుకున్నాం."

కరెంటాయన జేబులోంచి రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాంతోపాటు వాచీ జారి బెంచీ మీద పడింది. మూల మీది షాపువాళ్లు పది నిమిషాల్లో రెండు లింకులు పీకేసి ఇచ్చిన వాచీ. జబ్బు తినేయగా మిగిలిన చేతికి అది అచ్చంగా సరిపోతుంది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

నెల తర్వాత టీచరమ్మ తానే మేడమెట్ల కింది కొట్టుకు వచ్చింది. వెనకే కరెంటాయన. మాస్టారి ఎదురుగా కూర్చుని, చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. మొహంలో కాస్త కళ వచ్చింది కానీ మణికట్టు ఇంకా పుల్లలాగే ఉంది.

"తీసిన లింకులన్నీ మళ్లీ వేసేయండి మాస్టారూ."

"ఒకటే ఉందమ్మా నా దగ్గర. మిగతా రెండూ ఆ షాపువాళ్లు ఊడ్చి పారేశారు. వేరే చైనులోవి వేస్తాను కానీ రంగు కలవదు. తేడా తెలిసిపోతుంది."

"తెలియనివ్వండి. చూసినప్పుడల్లా గుర్తుంటుంది."

"అయినా ఇప్పుడే ఎందుకు? చెయ్యి ఇంకా నిండలేదు. వేస్తే మోచేతి దాకా జారుతుంది."

"జారనీయండి. ఇన్నాళ్లూ నా చేతిని బట్టి చైను తగ్గించారు. ఇకనుంచి చైనును బట్టి చెయ్యి నింపుకుంటాను." ఆమె భర్త వైపు తిరిగింది. "మళ్లీ లావయ్యావని ఎవరైనా అంటే ఏం చెబుతారు?"

"బాగుందంటాను" అన్నాడు కరెంటాయన. ఈసారి ఆ మాట ఆమె చెయ్యి పట్టుకుని అన్నాడు.

మాస్టారు మూడు లింకులూ వేసి, కీ ఇచ్చి, వాచీని స్వయంగా ఆమె చేతికి పెట్టాడు. ఆమె చెయ్యి ఎత్తగానే అది జర్రున మోచేతి దగ్గరకు పోయింది. మాస్టారి భార్య పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ కొట్టు ముందు ఒక అట్టముక్క వేలాడుతోంది. 'దారం కొలతలు తీసుకోబడవు. మనిషి రావలెను' అని మాస్టారు తన వంకర అక్షరాలతో రాసిపెట్టాడు. కొందరు విసుక్కుని మూల మీది షాపుకు పోతుంటారు. ఆయన లెక్కచేయడు. వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని, ముందు ఒంట్లో ఎలా ఉందని అడిగి, ఆ తర్వాతే పనిముట్టు తీస్తాడు.

మనం కూడా ఆ ముగ్గురిలాగే ఎన్నిసార్లు నవ్వి ఉంటామో! ఒక ఆడమనిషి చిక్కిపోతే అందమంటాం, అలిసిపోతే బద్ధకమంటాం, ఆమె నోరు విప్పేలోపే మెప్పుతో నోరు మూసేస్తాం. మీ ఇంట్లో ఎవరి చేతికైనా వాచీయో గాజో వదులైతే, దాన్ని బిగించడానికి కొట్టుకు వెళ్లేముందు, ఆ చేతిని ఒకసారి మీ చేతిలోకి తీసుకుని, ఎలా ఉన్నావని అడగండి.